ఎటు నుంచి వచ్చారు? సొంత సైటుకి ఏ లెక్క మేలు

వంటల గురించీ పండగల గురించీ నేను రాసుకునే చిన్న సైటు ఒకటుంది. ఉగాదికి రెండు రోజుల ముందు దానికి ఒక్కసారిగా జనం పెరిగారు. ఎవరు పంపారో చూద్దామని కూర్చుంటే హోస్టింగ్ ప్యానెల్ ఒక అంకె చెప్పింది, గూగుల్ అనలిటిక్స్ అందులో సగం కూడా చెప్పలేదు, గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనబడుతోందో చెప్పే సెర్చ్ కన్సోల్ ఇంకో అంకె చూపించింది. ఒకే సైటు, ఒకే రోజు. ఏదో పాడైందేమోనని మొదట టెన్షన్ పడ్డాను. ఏదీ పాడవలేదు. మూడూ మూడు వేరే సంగతులు లెక్కపెడుతున్నాయి, అంతే.

"ఎక్కడి నుంచి వచ్చారు" అని మనం ఒక్క ప్రశ్నే అడుగుతాం గానీ అందులో మూడున్నాయి. ఏ లింకు పట్టుకుని వచ్చారు? ఏం వెతుక్కుంటూ వచ్చారు? ఏ ఊళ్లో ఉండి చదివారు? ఒకదానికి చక్కగా జవాబు చెప్పేది రెండోదానికి మొహం చాటేస్తుంది. ఈ మూడింట్లో ఏది కావాలో తేల్చుకోకుండా "ఏది మేలు" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. నా మటుకు నాకు రెండోదే ముఖ్యం.

ముందు లింకు సంగతి. ఎవరైనా ఒక పేజీలో లింకు నొక్కి మన దగ్గరికి వస్తే, వాళ్ల బ్రౌజర్ "ఫలానా చోటి నుంచి వస్తున్నా" అని ఒక చీటీ అందిస్తుంది. దాన్నే రిఫరర్ అంటారు. (బ్రౌజర్లూ సైట్లూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ గురించిన 1996 నాటి పత్రంలో ఈ మాటకి ఒక 'ఆర్' తక్కువ పడింది. ఆ తప్పు స్పెల్లింగే నేటికీ అన్ని బ్రౌజర్లలోనూ నడుస్తోంది.) తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో ఈ చీటీ ఒక్కటి సరిపోయేది. బ్లాగుల్ని ఒకచోట చేర్చి చూపించే కూడలి, జల్లెడ, హారం, మాలిక: వచ్చినవాళ్లు వీటిలో ఏదో ఒకదాని పేరు చెప్పుకునే వచ్చేవారు. ఇప్పుడు ఆ చీటీ చిక్కిపోయింది. 2020లో క్రోమ్ 85 వచ్చినప్పటి నుంచి, మామూలుగా సైటు పేరు వరకే తెలుస్తుంది, అందులో ఏ పేజీ అన్నది తెలియదు. మన వ్యాసాన్ని ఎవరైనా మెచ్చుకుంటూ రాసినా, ఎక్కడ రాశారో మనమే వెళ్లి వెతుక్కోవాలి.

సైటు ఉండే కంప్యూటరు రాసుకునే చిట్టా, అంటే సర్వర్ లాగ్, ఈ చీటీని ఉన్నదున్నట్టు రాసి పెడుతుంది. ఐపీ అడ్రసు (నెట్‌లో వాళ్ల చిరునామా), టైము, అడిగిన పేజీ, రిఫరర్, ఏ బ్రౌజరో ఆ పేరు: ఒక్కో రాకకీ ఒక్కో వరస. జావాస్క్రిప్ట్ ఆపుకున్నవాళ్లూ యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్లూ కూడా ఇందులో పడతారు. చిక్కల్లా, మనుషులు కానివాళ్లు కూడా పడతారు. గూగుల్‌బాట్, బింగ్‌బాట్, ఈమధ్య జీపీటీబాట్ లాంటి, వాటంతటవే పేజీలు తెరిచే ప్రోగ్రాములు (బాట్లు) రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. హోస్టింగ్ ప్యానెల్ అంకె అంత పెద్దగా కనబడటానికి సగం కారణం ఇదే. గోయాక్సెస్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో వడగట్టొచ్చు గానీ ఓపిక కావాలి. పైగా బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లోనో రాసేవాళ్లకి లాగ్ చేతికే రాదు.

గూగుల్ అనలిటిక్స్ దీనికి తిరగేసిన కథ. పేజీలో పెట్టిన స్క్రిప్టు (చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము) నడిస్తేనే లెక్క. తెలిసిన బాట్లని అదే తీసేస్తుంది, యాడ్ బ్లాకర్ ఉన్న మనుషుల్నీ పోగొట్టుకుంటుంది. పాత అనలిటిక్స్ 2023 జూలైలో ఆగిపోయాక దాని స్థానంలో మిగిలిన కొత్త అనలిటిక్స్ (జీఏ4) నాకెప్పుడూ మింగుడు పడలేదు. అది దుకాణం నడిపేవాళ్ల కోసం కట్టిన యంత్రం. బండి నిండా కూరగాయలు తూచే కాటా మీద చిటికెడు ఇంగువ పెట్టినట్టు ఉంటుంది మన సంగతి. చదివేవాళ్లు మరీ తక్కువైతే వయసు లాంటి వివరాలున్న రిపోర్టుల్లో వరసలు దాచేస్తుంది. లోతుగా తవ్వి చూసే ఎక్స్‌ప్లొరేషన్లలో డేటా 2 నెలలే నిలుస్తుంది. సెట్టింగ్ మార్చి 14 నెలలకి పెంచుకోవచ్చని చాలామందికి ఏడాది తిరిగాక గానీ తెలియదు. ఇవాళ్టి లెక్క తేలడానికి ఒకటి రెండు రోజులు పట్టడం మరో విసుగు. అయినా దానికీ ఒక రోజుంది: ప్రకటనల మీద డబ్బు పెట్టి ఏ ప్రకటన పనిచేసిందో తేల్చుకోవాలంటే ఇంతకంటే మంచిది ఉచితంగా దొరకదు.

సెర్చ్ కన్సోల్ దగ్గర మాత్రం నేను గంటలు గడుపుతాను. ఒకప్పుడు గూగుల్‌లో జనం ఏ మాటలు కొట్టి వచ్చారో రిఫరర్‌లోనే కనబడేది. 2011లో మొదలుపెట్టి 2013 కల్లా గూగుల్ దాన్ని దాదాపుగా మూసేసింది. ఇప్పుడు ఆ మాటలు ఇక్కడే దొరుకుతాయి, 16 నెలల వరకూ. మన పేజీ ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ చెబుతుంది. మరీ అరుదుగా అడిగిన ప్రశ్నల్ని, అడిగినవాళ్ల గోప్యత కోసం దాచేస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇందులో ఒక తమాషా ఉంది. నేను రాసింది తెలుగు లిపిలో. వెతికినవాళ్లు 'ఉగాది పచ్చడి ఎలా చేయాలి' అని ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో కొట్టారు. పచ్చడికి ఒక 'సి' పెట్టినవాళ్లు, రెండు పెట్టినవాళ్లు, 'హెచ్' మింగేసినవాళ్లు. ఇంకా కిందికి వెళ్తే 'వేపపువ్వు లేకుండా' అన్న ప్రశ్న కనబడింది. దేశాల వారీగా చూస్తే అది ఎక్కువగా అమెరికా నుంచి. అక్కడ మార్చి నెలలో వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది పాపం! ఎండబెట్టిన పువ్వు వాడొచ్చని ఆ వ్యాసంలో రెండు ముక్కలు కలిపాను. మిగతా లెక్కలేవీ నాచేత ఒక్క వాక్యం కూడా రాయించలేదు. దీన్ని మొదట పెట్టడానికి నా కారణం అదే.

దీని లోపం కూడా పెద్దదే. గూగుల్ గుమ్మం లోంచి వచ్చినవాళ్లే దీనికి కనబడతారు. మన తెలుగువాళ్లేమో చాలావరకు ఇంకో గుమ్మం లోంచి వస్తారు.

వాట్సాప్. ఫోన్‌లో వాట్సాప్ లోంచి లింకు నొక్కి వచ్చేవాళ్లు సాధారణంగా చీటీ ఇవ్వరు. అనలిటిక్స్ వాళ్లని 'డైరెక్ట్' అనే డబ్బాలో వేస్తుంది, అడ్రసు గుర్తుపెట్టుకుని టైపు చేసి వచ్చినవాళ్లతో కలిపి. నా సైటు అడ్రసు మా ఇంట్లోవాళ్లకే గుర్తుండదు, ఇంతమంది టైపు చేసి వచ్చారంటే ఎలా నమ్మను? దీనికి రెండు మార్గాలు. ఒకటి, మనం పంపే లింకు చివర, దాన్ని ఎక్కడ పంచామో చెప్పే యూటీఎం అనే గుర్తు తగిలించడం. ఆ పేరు, 2005లో గూగుల్ కొనేసిన అర్చిన్ అనే కంపెనీ నుంచి వచ్చింది. ఫ్యామిలీ గ్రూపుకి ఒక గుర్తు, ఫేస్‌బుక్‌కి ఇంకోటి. అయితే మా పిన్ని ఆ లింకునే కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే, అక్కడి నుంచి వచ్చినవాళ్లు కూడా ఫ్యామిలీ గ్రూపు ఖాతాలోనే పడతారు. పిన్నిని ఆపలేం కదా. రెండోది సర్వర్ లాగ్. ఎవరైనా వాట్సాప్‌లో లింకు అతికించగానే బొమ్మా శీర్షికా చూపించడానికి ఆ యాప్ మన పేజీని ఒకసారి తెరుస్తుంది, లాగ్‌లో వాట్సాప్ అన్న పేరు పడుతుంది. ఎంతమంది చదివారో చెప్పదు గానీ, ఎవరో పంచుకుంటున్నారని ఖాయంగా తెలుస్తుంది. ఉగాది జనం సంగతి నాకు అలాగే తేలింది.

ఊళ్ల లెక్క దగ్గరికొస్తే, నేను దేశం దాటి లోపలికి నమ్మను. ఐపీ అడ్రసుని బట్టి ఊహించి చెప్పేదే అది. మొబైల్ నెట్ అయితే కంపెనీ గేట్‌వే ఎక్కడుంటే ఆ ఊరు పడొచ్చు. మా పెద్దమ్మ అమలాపురంలో అరుగు మీద కూర్చుని చదివితే లెక్కలో హైదరాబాద్ అని పడింది. గచ్చిబౌలిలో ఆఫీసు వీపీఎన్ మీద చదివేవాళ్లు అమెరికావాళ్లయిపోవచ్చు. అన్నిటికంటే వింత ఆష్‌బర్న్. వర్జీనియాలోని ఆ ఊరు జాబితాలో పైన కనబడితే, డేటా సెంటర్లు కిక్కిరిసిన చోటు కాబట్టి బాట్లని కొట్టిపారేయమంటారు తెలిసినవాళ్లు. కానీ ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కూడా బోలెడు! పేజీ మీద ఎంతసేపు ఉన్నారో చూసి ఊహించుకోవడం తప్ప దారి లేదు. ఒకప్పుడు సైటు పక్కన ఫీడ్జిట్ పెట్టుకుని ఏ ఊరివాళ్లు వచ్చారో చూసి మురిసిపోయినదాంట్లో ఎంత నిజమో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

గోట్‌కౌంటర్, ప్లాజిబుల్ లాంటి చిన్న లెక్కలు కూడా ఉన్నాయి. కుకీలు పెట్టవు, ఒక్క పేజీలో అంతా చూపిస్తాయి. ప్లాజిబుల్ వాళ్ల దగ్గర పెట్టుకుంటే డబ్బు కట్టాలి, గోట్‌కౌంటర్ సొంత సైట్లకి ఉచితం. రిఫరర్ ఇవ్వనివాళ్లని ఇవీ పట్టుకోలేవు.

నేను చివరికి జీఏ4 తీసేశాను. సెర్చ్ కన్సోల్, గోట్‌కౌంటర్, నేను పంపే లింకులకి యూటీఎం గుర్తులు, పండగల ముందు మాత్రం ఒకసారి లాగ్. బ్లాగర్‌లో రాసేవాళ్లయితే అందులోని స్టాట్స్‌లో మీ సొంత రాకల్ని లెక్కపెట్టొద్దని టిక్కు పెట్టి, సెర్చ్ కన్సోల్ ఒక్కటి కలుపుకుంటే చాలు. రేపు నేను పచ్చళ్లు అమ్మడం మొదలుపెడితే మాత్రం జీఏ4 మళ్లీ పెట్టక తప్పదు.