ఏపీఐకి కాపీరైట్: అమెరికా దారి, యూరప్ దారి

ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో పని చేయించుకోవడానికి వాడే పేర్లు, పద్ధతుల జాబితా. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఏపీఐ నుంచి దాదాపు 11,500 డిక్లరేషన్ లైన్లు (ఆ పేర్లను ప్రకటించే కోడ్) తీసుకుంది. రెండు సంఖ్యల్లో పెద్దది ఏదో చెప్పే ‘మ్యాక్స్’ లాంటి పేర్లు అలాగే ఉంచి, లోపలి కోడ్ సొంతంగా రాసుకుంది. జావా హక్కులున్న ఒరాకిల్ 2010లో కేసు వేసింది. 2021లో అమెరికా సుప్రీంకోర్టు 6-2తో అది ‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకుండానే చేసుకోదగ్గ న్యాయమైన వాడకం) అంది. కానీ ఏపీఐకి అసలు కాపీరైట్ ఉందా లేదా అన్నది తేల్చలేదు. రేపు ఇంకొకరి మీద కేసు పడితే మళ్లీ వాదించుకోవాల్సిందే. అన్నేళ్లు లాయర్లకు ఫీజులు కట్టే స్తోమత చిన్న స్టార్టప్‌కి ఎక్కడిది?

యూరప్ కోర్టు 2012లోనే, ఎస్ఏఎస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో, ప్రోగ్రామ్ చేసే పనికి, ప్రోగ్రామింగ్ భాషకి, డేటా ఫైల్ ఫార్మాట్‌కి ప్రోగ్రామ్ కాపీరైట్ వర్తించదని చెప్పేసింది. సోర్స్ కోడ్‌కి రక్షణ ఎలాగూ ఉంటుంది. నా ఓటు దీనికే.