కేయూ దగ్గర పీజీ హాస్టల్ వెతికేవాళ్ల కోసం

కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తూ, క్యాంపస్ హాస్టల్లో సీటు దొరక్క హన్మకొండ నయీంనగర్‌లో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉంటున్నాను, పేరు రాయను గానీ ఈ గల్లీల్లో ఇలాంటివే చాలా ఉన్నాయి కాబట్టి గది చూసుకునేవాళ్లకు పనికొస్తుందని చెప్తున్నా. కేయూ క్రాస్ రోడ్డు దగ్గరే, బస్టాండుకు షేర్ ఆటోలు దొరుకుతాయి, పండక్కి ఊరికి పోవాలంటే కాజీపేట జంక్షన్‌లో హైదరాబాద్ వైపూ విజయవాడ వైపూ రైళ్లున్నాయి. తిండి పర్వాలేదు, ఆదివారం చికెన్ నిజంగా బాగుంటుంది.

అసలు బాధ గదితోనే. ముగ్గురికీ కలిపి ఒకటే ప్లగ్గు, ఒకరు ల్యాప్‌టాప్ పెడితే ఇంకొకరు ఫోన్ తీసెయ్యాలి. మంచం తలవైపు గోడకు చెమ్మెక్కి సున్నం పెచ్చులు దిండు మీద రాలుతుంటాయి, పుస్తకాలు అటువైపు పెడితే అట్టలు ఉబ్బిపోతాయి. ఓనర్‌ను అడిగితే "వానలు తగ్గనీ తమ్మీ, చేపిస్త" అంటాడు, అంతే. పరీక్షలప్పుడు ఇది చాలా టెన్షన్.

ఇంకో ముఖ్యమైన సంగతి, 2020లోనూ 2023లోనూ నయీంనగర్ నాలా పొంగి ఈ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. కిరాయి తక్కువని గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోకండి, పై అంతస్తే అడగండి. అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.