తెర మీద ప్రయోగ పరీక్ష: ఫెట్ సర్క్యూట్ కిట్‌పై సమీక్ష

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే సైన్స్ ప్రయోగాలను కంప్యూటర్ తెర మీద అనుకరించే ప్రోగ్రామ్‌లు, బోధనకు ఎంతగా ఉపయోగపడతాయో చాలామంది ఉపాధ్యాయులకు తెలుసు. హైదరాబాద్‌లోని మా పాఠశాలలో వాటిలో ఒకటైన, బ్యాటరీతో నడిచే సర్క్యూట్లను తెర మీద కలిపే డీసీ సర్క్యూట్ కిట్‌ను పదో తరగతి పిల్లల ప్రయోగ నైపుణ్యానికి మార్కులు వేయడానికి వాడాము కనుక, ఈ సమీక్ష ఆ ఉపయోగానికే పరిమితం. కిట్ ఉచితం, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

పరీక్షకు దీని వర్చువల్ ల్యాబ్ రూపాన్నే ఎంచుకోవాలి. మామూలు రూపంలో తీగను తెంపకుండానే కరెంటును కొలిచే అమ్మీటర్ కూడా ఉండడం వల్ల, అమ్మీటర్‌ను శ్రేణిలో కలపాలన్న సంగతి విద్యార్థికి తెలుసో లేదో బయటపడదు. ఓమ్ నియమాన్ని సరిచూడమన్నప్పుడు బ్యాటరీని, నిరోధాన్ని, మీటర్లను ఎంచుకొని కలిపే పని మొత్తం విద్యార్థిదే. బ్యాటరీ రెండు ధ్రువాలను నేరుగా తీగతో కలిపితే తెర మీద మంట కనిపిస్తుంది. నిజమైన ల్యాబ్‌లో మీటరు కాలిపోతుందేమోనన్న భయంతో మేము ముందే చెయ్యి అడ్డం పెడతాము. ఇక్కడ ఆ అవసరం లేదు కాబట్టి, పొరపాటు జరిగాక విద్యార్థి కారణాన్ని ఎలా వెతికాడో, సర్క్యూట్‌ను ఎలా సరిదిద్దాడో చూసి మార్కులు వేయగలిగాము. రికార్డు పుస్తకంలోని రీడింగులను అప్పజెప్పించుకునే పరీక్షలో ఈ ఆలోచన ఎన్నడూ కనిపించదు.

అయితే 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధాన్ని కలిపితే ప్రతిసారీ 0.9 ఆంపియర్లే వస్తుంది. వదులైన టెర్మినళ్లు, మీటరు శూన్యాంశ దోషం (కరెంటు లేకున్నా ముల్లు సున్నా మీద నిలవకపోవడం), ముల్లును పక్క నుంచి చూడడం వల్ల వచ్చే తేడా ఇందులో లేవు కనుక చేతిపని నేర్పును ఇది కొలవదు. పైగా ఉచిత రూపం విద్యార్థి వేసిన అడుగులను ఉపాధ్యాయుడి కోసం భద్రపరచదు; స్క్రీన్‌షాట్‌లో చివరి సర్క్యూటే దక్కుతుంది. నిండు తరగతిలో ఇది పెద్ద లోపం, స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకోక తప్పదు.

సిమ్యులేషన్‌తో నేర్చుకున్నవారు తరువాత నిజమైన సర్క్యూట్లను కూడా మెరుగ్గా కలపగలిగారని అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించారు. అది అభ్యసనకు సంబంధించిన ఫలితం, మూల్యాంకనానికి హామీ కాదు. అమెరికాలో పాఠశాల విద్యార్థులకు జరిపే జాతీయ సైన్స్ మూల్యాంకనంలో సైతం 2009లో చేతితో చేసే ప్రయోగాలను, కంప్యూటర్ ప్రయోగాలను వేర్వేరుగా ఇచ్చారు.

అందువల్ల ప్రయోగ మార్కుల్లో సగానికి మించి దీనికి కేటాయించవద్దని నా సూచన. మిగతా సగానికి కావలసిన నిరోధాలు, తీగలు, సెల్ హోల్డర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.