మోటార్‌హోమ్‌లో తిండి చల్లగా: ఏ మజిలీలో ఏ ఫ్రిజ్ నిలబడుతుంది

మోటార్‌హోమ్‌కి, అంటే ఇల్లులా వాడుకునే బండికి, ఫ్రిజ్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, తలుపు ఎటు తెరుచుకుంటుంది అని చూస్తారు చాలామంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది బండి రాత్రిళ్లు ఎక్కడ ఆగుతుందన్నది. ప్లగ్గున్న క్యాంప్‌సైటులో భేషుగ్గా పనిచేసిన ఫ్రిజ్, ప్లగ్గు లేని చోట రెండో రోజుకే పాలు విరిగిపోయే స్థితి తెస్తుంది. అందుకే ఇక్కడ బేరీజు వేస్తున్నది మజిలీలను.

బండ్లలో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. గ్యాస్ మీద, 12 వోల్టుల మీద, 230 వోల్టుల మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌ని అందరూ త్రీ-వే అంటారు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న బాల్ట్జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ దీన్ని కనిపెట్టారు. కదిలే భాగం ఒక్కటీ ఉండదు. కింద వేడి తగిలితే నీళ్లలోని అమ్మోనియా ఆవిరై గొట్టాల్లో తిరుగుతుంది, అంతే. చప్పుడు ఉండదు. రెండోది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. ఇంట్లో ఫ్రిజ్ లాంటిదే, చిన్నది.

ప్లగ్గున్న సైటులో రెండూ సుఖంగానే ఉంటాయి. త్రీ-వే లాగేది 130 నుంచి 200 వాట్లే, అంటే ఒక ఆంపియర్ లోపు. కాబట్టి సైటులో కరెంటిచ్చే స్తంభం 6 ఆంపియర్లదైనా 16దైనా ఫ్రిజ్‌కి ఒకటే. బెడద రెండు చోట్ల ఉంది. కెటిలూ హీటరూ కలిపి పెడితే స్తంభం ట్రిప్పవుతుంది. రాత్రి ఎవరూ గమనించకపోతే తెల్లారేసరికి లోపల 12 డిగ్రీలు. రెండోది వోల్టేజి. సాయంత్రం అందరూ వంటలు మొదలుపెట్టాక వరస చివరి స్తంభంలో 230 కాస్తా 200కి దిగొచ్చు. త్రీ-వేని కింద వేడిచేసే కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక మిగిలేది 75 శాతమే. ప్లగ్గులో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ చూసి, 205 కన్నా తగ్గితే గ్యాస్‌కి మార్చేయండి. చోటు అడిగేటప్పుడు మెయిన్ బోర్డుకి దగ్గరగా అడగడం మంచిది. ఐస్‌ప్యాకులు గడ్డకట్టించి ఇచ్చే సైటు దొరికితే దానికి ఒక మార్కు ఎక్కువే వేయాలి. ప్యాకు మీద బండి నంబరు రాసి ముందు రోజు సాయంత్రమే ఇవ్వండి, రాత్రంతా పడుతుంది.

బండిని ఎటు తిప్పి నిలిపామన్నది దాదాపు అందరూ వదిలేసే సంగతి. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. పారబోసే దారి బండి గోడకున్న రెండు జాలీలే. త్రీ-వే తన వెనకున్న గాలికన్నా సుమారు 20 నుంచి 25 డిగ్రీలు తగ్గించగలదు. ఎండ నేరుగా ఆ గోడమీద పడి వెనక గాలి 40 డిగ్రీలకి చేరితే లోపల 15 కన్నా దిగదు, నాబ్ ఎంత తిప్పినా దిగదు. మధ్యాహ్నం ఎండ అవతలి పక్కన పడేలా బండి పెట్టండి. పై జాలీ వెనక 12 సెంటీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను ఒకటి గాలిని బయటికి లాగేలా బిగిస్తే తేడా తెలుస్తుంది, లాగేది రెండు మూడు వాట్లే. ఇంకో లోపం బిగింపులోనే ఉంటుంది. ఫ్రిజ్ వెనక వేడిని వదిలే లోహపు రెక్కలకీ బండి గోడకీ మధ్య ఖాళీ ఎక్కువైతే గాలి రెక్కల్ని తాకకుండా పక్కనుంచి జారిపోతుంది. సన్నటి అల్యూమినియం రేకు వంచి గాలిని రెక్కల మీదికి మళ్లించాలి.

త్రీ-వే ఉన్నవాళ్లకి నేల చదునుగా ఉండటం తప్పనిసరి. లోపలి ద్రవం పల్లానికి దానంతటదే జారుతూ తిరగాలి. బండి వాలితే ఒకచోట నిలిచి మరిగిపోతుంది, గొట్టం పూడుకుపోవచ్చు. రెండు మీటర్ల వెడల్పు బండికి ఒక పక్క చక్రాలు 10 సెంటీమీటర్లు పల్లంలో ఉంటే దాదాపు 3 డిగ్రీల వాలు. చాలా మోడళ్లకి అదే హద్దు. చిన్న రసమట్టం ఫ్రీజర్ అడుగున పెట్టి చూడండి, బండి నేల మీద కాదు. కంప్రెసర్‌కి ఈ పట్టింపు చాలా తక్కువ.

ప్లగ్గు లేని మజిలీలోనే అసలు తేడా బయటపడుతుంది. సుమారు 100 లీటర్ల త్రీ-వే రోజుకి 270 నుంచి 400 గ్రాముల గ్యాస్ తింటుంది. 11 కిలోల సిలిండర్ ఫ్రిజ్ ఒక్కదానికైతే దాదాపు నెల వస్తుంది. అదే ఫ్రిజ్‌ని ఇంజన్ ఆపాక 12 వోల్టుల మీద వదిలేస్తే 10 నుంచి 14 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గ సగం నాలుగైదు గంటల్లో హరీ. 12 వోల్టుల స్థానం బండి నడుస్తున్నప్పటికి మాత్రమే. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ రోజుకి 30 నుంచి 50 ఆంపియర్-గంటలతో సరిపెట్టుకుంటుంది. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో 25 నుంచి 30 తిరిగి ఇస్తుంది. అందుకని వేడి ప్రాంతాలకి 200 వాట్ల పలక, 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ, కంప్రెసర్ ఫ్రిజ్ కలిపి పెట్టుకోవడమే మా తీర్పు. చెట్ల నీడలో, మబ్బుల్లో వారాలు గడిపేవాళ్లకి గ్యాసే నమ్మకం. ఇక్కడో చిక్కు: నీడ ఫ్రిజ్‌కి మంచిది, పలకకి చెడ్డది. పొడుగు వైరుతో బయట ఎండలో పరిచే మడత పలక ఆ చిక్కు తీరుస్తుంది.

కంప్రెసర్ రాత్రిపూట ఆగిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలాసార్లు తప్పు వైరుది. బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 5 ఆంపియర్లు అనుకుంటే పోను రాను 10 మీటర్లలో 0.35 వోల్టు దారిలోనే పోతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీలో సత్తువ ఉండగానే ఫ్రిజ్ తక్కువ వోల్టేజి అనుకుని ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.15కి తగ్గుతుంది.

చలి ప్రదేశాల్లో బ్యూటేన్ సిలిండర్ మొరాయిస్తుంది, 0 డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు. ప్రొపేన్ తీసుకెళ్లండి. 1,000 మీటర్ల ఎత్తు దాటాక గ్యాస్ మంట అంటుకోవడానికి ఇబ్బంది రావచ్చు. పెట్రోలు బంకులోకి తిరిగే ముందు, ఫెర్రీ ఎక్కే ముందు మంట ఆర్పేయాలి, ఇందులో మినహాయింపు లేదు.

సర్దడం బయల్దేరే ముందు రోజే మొదలవ్వాలి. ఫ్రిజ్ ఖాళీగా 12 గంటలు నడిచాక, ఇంట్లో చల్లబరిచిన సరుకే లోపల పెట్టండి. 30 డిగ్రీల నీళ్లు 5 లీటర్లు పెడితే 5 డిగ్రీలకి తేవడానికి 145 వాట్-గంటల వేడి తోడాలి. ఒక కిలో మంచు కరుగుతూ పీల్చుకునేది 93. లీటరు నీళ్ల సీసాలు రెండు గడ్డకట్టించి తెచ్చుకుంటే కరిగాక తాగొచ్చు కూడా. మాంసం, చేపలు అడుగున మూత డబ్బాల్లో పెట్టండి, ఫ్రిజ్ లోపల వెనక గోడకున్న రెక్కల ముందు గాలాడే సందు వదలండి. గ్లాసు నీళ్లలో థర్మామీటరు ముంచి మధ్య అరలో ఉంచి, పొద్దున్నే తలుపు తెరవగానే చూడండి. 5 దాటకూడదు. దాటి రెండు గంటలకి పైగా ఉన్న మాంసం, పాలు పారేయడమే.

ఏడాదికోసారి వర్క్‌షాపుకి వెళ్లినప్పుడు బర్నర్, పొగగొట్టం శుభ్రం చేశారా, గ్యాస్ లీకు పరీక్షించారా అని అడగండి. రోజంతా గతుకుల్లో నడిచాక మంట అంటుకోకపోతే, లేదా నీలం పోయి పసుపు తిరిగితే, పొగగొట్టంలోంచి రాలిన తుప్పు పెచ్చు బర్నర్ మీద పడిందేమో ముందు చూడాలి. గ్యాస్ వచ్చే సన్న రంధ్రపు జెట్‌ని సూదితో పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే మసి కడుతుంది. ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరబెడితే చాలు. వెనక గొట్టాల మీద పసుపు పొడి, అమ్మోనియా ఘాటు రెండూ కనిపిస్తే మాత్రం మరమ్మతుకి డబ్బు పెట్టకండి. ఫ్రిజ్ కట్టేసి, కిటికీలు తెరిచి, కూలింగ్ యూనిట్ మార్పించండి.