నాలుగు రోహిణీ కార్తెలు దాటిన మా స్పెక్ట్రమ్ ప్లస్

మా పెదనాన్న 1986లో ఇంగ్లండ్ నుంచి వస్తూ సింక్లైర్ స్పెక్ట్రమ్ ప్లస్ తెచ్చారు. ఇంట్లో పిల్లలందరం మొట్టమొదట చూసిన కంప్యూటర్ అదే. ఏడెనిమిదేళ్ళు ఆడుకున్నాక ఒకరోజు టీవీ తెర మీద నిలువు గీతలు పడ్డాయి. బాగుచేసేవాళ్ళు దొరక్క అటకెక్కించాం. విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఇత్తడి బిందెల వెనకాల థర్మోకోల్ డబ్బాతో సహా బయటపడింది. 2021 చివర్లో పని మొదలుపెట్టి, 2022 మార్చికి దాన్ని నడిపించగలిగాను. అప్పటినుంచి నాలుగు వేసవులు గడిచాయి. వారంలో మూడు రోజులైనా ఆన్ చేస్తాను. చేసిన మార్పుల్లో ఏది నిలబడిందో, ఏది డబ్బు దండగో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1982 ఏప్రిల్‌లో వచ్చిన రబ్బరు బటన్ల స్పెక్ట్రమ్‌కే 1984లో గట్టి ప్లాస్టిక్ కీబోర్డు, పక్కన ఒక రీసెట్ బటన్ పెట్టి ప్లస్ అన్నారు. ఆ కీబోర్డు లోపలే ఉండే సరుకంతా పాతదే: 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80ఏ ప్రాసెసర్, 48 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్‌లో బేసిక్ భాష. మనకూ బ్రిటన్‌కూ కరెంటు ఒకేలాంటిది, పాత టీవీలు కూడా రెండు చోట్లా పాల్ అనే ఒకే సిగ్నల్ పద్ధతివే. అందుకని వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గొడవ లేదు. పాత అమెరికా మెషీన్ కొనాలని చూసేవాళ్ళు ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

డబ్బా విప్పితే సాలెగూళ్ళు, ఎండిపోయిన బొద్దింక గుడ్లు. పెయింట్ బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఇది నల్ల డబ్బా కాబట్టి పాత తెల్ల కంప్యూటర్లలాగా పసుపెక్కే బాధ లేదు.

ఇక గీతల సంగతి. నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. స్పెక్ట్రమ్‌లో తెర మీది బొమ్మంతా కింది 16 కిలోబైట్ల ర్యామ్‌లోనే ఉంటుంది, 16384వ చిరునామా దగ్గర మొదలై 6,912 బైట్లు. ఆ 16 కిలోబైట్లను ఎనిమిది 4116 చిప్‌లు పంచుకుంటాయి, బైటులోని ఒక్కో బిట్ ఒక్కో చిప్‌లో. ఒక్కో బిట్ తెర మీద ఒక్కో చుక్క. ఒక చిప్ చచ్చిపోతే అడ్డంగా ప్రతి ఎనిమిది చుక్కల్లో ఒకటి చెడుతుంది. అలా తెరంతా సమాన దూరంలో నిలువు గీతలు వస్తాయి. గీత ఆ ఎనిమిదిలో ఎన్నో చోట ఉందో లెక్కపెడితే పోయిన చిప్ ఏదో తెలిసిపోతుంది. నేను టీవీకి దగ్గరగా కూర్చుని భూతద్దంతో లెక్కపెట్టాను. మూడోది, ఆరోది. మల్టీమీటర్ అవసరం లేకుండా జబ్బు ఎక్కడుందో మెషీనే చూపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

4116కి మూడు రకాల వోల్టేజీ కావాలి: ప్లస్ ఐదు, ప్లస్ పన్నెండు, మైనస్ ఐదు. బోర్డు మీద ఒక చిన్న కాయిల్, టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ కలిసి ఈ పన్నెండునీ మైనస్ ఐదునీ తయారుచేస్తాయి. మైనస్ ఐదు రాకుండా పన్నెండు మాత్రం వస్తే చిప్‌లు కాలిపోతాయి. కాబట్టి పాత చిప్‌లు పీకి ఐసీ బేస్‌లు (చిప్ గుచ్చే సాకెట్లు) వేసి, వోల్టేజీలు మూడూ కొలిచాకే కొత్తవి పెట్టాలి. ఈ ఒక్క వరస తప్పి చిప్‌లు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఐదు వోల్టులతోనే నడిచే 4164 చిప్‌లు వేసి బోర్డులో మార్పు చేసుకునే దారి కూడా ఉంది. బోర్డును కోయడం ఇష్టంలేక నేను అటు వెళ్ళలేదు.

చిప్‌ల దగ్గర నేను మోసపోయాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఎనిమిది తెప్పిస్తే మూడు పనిచేయలేదు. ఆల్కహాల్ తగిలిన దూదితో రుద్దితే పైన అచ్చు మొత్తం ఊడి వచ్చి, కింద వేరే నంబరు గీకేసిన మచ్చ కనబడింది. డబ్బులు వెనక్కి రాలేదు. మిగిలిన ఐదులో రెండు నా అవసరానికి సరిపోయాయి, మూడు విడిగా దాచుకున్నాను. మీరు తెప్పిస్తే మాత్రం దూది పరీక్ష వచ్చిన రోజే చేయండి.

మెషీన్ లేచింది. నాకు ఆనందం పట్టలేదు. ఏప్రిల్ వచ్చింది.

పాత కంప్యూటర్ల గురించి నేను చదివినదంతా చల్లటి దేశాలవాళ్ళు రాసింది. కెపాసిటర్ల వయసు గురించి పేజీలకు పేజీలు ఉంటుంది. ఈ ఊరిని బ్లేజువాడ అని ఊరికే అనలేదు, ఇక్కడ దీనికి మొదటి శత్రువు వేడి. అడాప్టర్ నుంచి వచ్చే తొమ్మిది వోల్టులను 7805 రెగ్యులేటర్ ఐదు చేస్తుంది. మిగిలిన నాలుగు వోల్టులూ వేడిగా పోవాల్సిందే. పైగా ఆ పాత అడాప్టర్‌లో ఉన్నది మామూలు ట్రాన్స్‌ఫార్మర్. ఇంటి కరెంటు 250 దాటితే దాని అవుట్‌పుట్ కూడా పైకి లేస్తుంది, ఆ భారమూ రెగ్యులేటర్ మీదే. మే నెలలో మధ్యాహ్నం పూట అరగంట నడిపితే కీబోర్డు పైభాగం మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ణి. ముప్పావుగంటకు తెర మీద చెత్త అక్షరాలు వచ్చి ఆగిపోయేది.

అప్పుడు 7805 తీసేసి, అవే మూడు కాళ్ళుండే స్విచింగ్ రెగ్యులేటర్ మాడ్యూల్ వేశాను. ఇది వోల్టేజీని వేడిగా తగలెయ్యదు, కాబట్టి చల్లగా ఉంటుంది. మొదట గవర్నర్‌పేటలో 120 రూపాయలకు దొరికిన మాడ్యూల్ పెట్టాను. నడిచింది గానీ బొమ్మ మీద సన్నటి ఏటవాలు గీతలు కదులుతూ ఉండేవి. నాలుగు రోజులు చూసి, 350 రూపాయలది తెప్పించి మార్చాను, గీతలు పోయాయి. ఇది జరిగి మూడేళ్ళు దాటింది. గత రోహిణీ కార్తెలో బయట ఎండ మండిపోతుంటే, ఏసీ లేని గదిలో, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఆపకుండా నడిపాను. పైభాగం గోరువెచ్చగా ఉంది, అంతే. ఈ మెషీన్‌కు ఒక్క మార్పే చేయగలిగితే నేను చేసేది ఇదే. పాత 7805ని, దాని అల్యూమినియం రేకుతో సహా కవర్లో వేసి డబ్బాలోనే ఉంచాను. ఎప్పుడు కావాలన్నా మళ్ళీ పెట్టుకోవచ్చు.

అడాప్టర్ మార్చేవాళ్ళు ఒకటి గమనించాలి. మన దగ్గర రౌటర్లకు, సీసీ కెమెరాలకు వచ్చే అడాప్టర్ పిన్నులో మధ్య భాగం ప్లస్. స్పెక్ట్రమ్‌కు మధ్యలో మైనస్ రావాలి. పిన్ను సైజు సరిపోయింది కదా అని గుచ్చితే బోర్డు పోతుంది.

కీబోర్డు కింద, ఏ బటన్ నొక్కామో బోర్డుకు అందించే పలచటి ప్లాస్టిక్ మెంబ్రేన్ ఉంటుంది. దాని తోక పాత అప్పడంలా పెళుసై, ముట్టుకోగానే విరిగింది. కొత్తవి ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు. కొరియర్‌తో కలిపి 2,400 అయింది. ప్లస్‌కు వేరు, రబ్బరు బటన్ల మోడల్‌కు వేరు, చూసి ఆర్డర్ పెట్టాలి.

బొమ్మ కోసం, దాన్ని టీవీ ఛానెల్ సిగ్నల్‌గా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటర్‌ను పక్కకు తప్పించి, బోర్డు మీది కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా బయటి సాకెట్‌కు ఇచ్చాను. పావుగంట పని. ఎల్‌సీడీ టీవీకి కూడా కలిపి చూశాను. అక్షరాల అంచులు చెదిరి, రంగులు ఒకదానిలోకి ఒకటి కారినట్టు కనబడ్డాయి. గాంధీనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర 800 రూపాయలకు కొన్న 14 అంగుళాల పాత టీవీలో అదే బొమ్మ ముద్దొస్తుంది. ఆ మెషీన్‌ను ఇలాంటి టీవీ కోసమే చేశారు, దాని మీద చూస్తేనే అందం.

7,000 పెట్టి కొన్న ఎస్‌డీ కార్డ్ ఇంటర్‌ఫేస్ గురించి నా అభిప్రాయం నెమ్మదిగా మారింది. వెనక స్లాట్‌లో పెడితే చాలు, క్యాసెట్ నుంచి నాలుగైదు నిమిషాలు పట్టే ప్రోగ్రామ్ రెప్పపాటులో వచ్చేస్తుంది. మొదటి ఆరు నెలలు అదే వాడాను. వాడకం తగ్గడం కూడా అప్పుడే మొదలైంది. ఒక్కో ఆటా రెండు నిమిషాలు చూసి ఇంకోదానికి పోయేవాణ్ణి, ఏదీ మనసుకు పట్టేది కాదు. మళ్ళీ టేప్ రికార్డర్ తీశాను. జే నొక్కితే లోడ్ అనే మాట పూర్తిగా పడుతుంది. ప్లే నొక్కగానే కూత మొదలై, తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు పరిగెడతాయి. ఆ నాలుగు నిమిషాలూ మా అమ్మాయి, నేను కబుర్లు చెప్పుకుంటాం. కార్డ్ మంచిదే, కొనాలా అని అడిగితే మాత్రం చివర్లో కొనండి అంటాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మేం అజిత్‌సింగ్‌నగర్‌లో కింది వాటాలో ఉన్నాం. ముందు పత్రాలు, తర్వాత ఈ డబ్బా, రెండూ నెత్తిన పెట్టుకుని పైవాళ్ళింటికి చేర్చాను. టీవీ, ఫ్రిజ్ నీళ్ళపాలయ్యాయి. తడి తగ్గాక చూస్తే స్పెక్ట్రమ్ వెనక స్లాట్ అంచులు పచ్చబడ్డాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిస్తే సర్దుకుంది. అప్పటినుంచి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచుతున్నాను. ఇంకో పాత టీవీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఈ హాబీలో రాబోయే కష్టం టీవీలే, దొరికినప్పుడే ఒకటి అదనంగా తీసిపెట్టుకోండి.

ఇప్పుడు దీన్ని ఎక్కువగా వాడేది మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకు 21 గడులుంటాయి, గడికి ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు చుక్కలు. బిన్ అని కొట్టి సున్నాలు, ఒకట్లు వరసగా ఇస్తే చాలు, ఒకటి ఉన్నచోట చుక్క వెలుగుతుంది. తెలుగక్షరం గుండ్రంగా రావాలంటే ఒక్క గడి చాలదు. తలకట్టుకే చోటు సరిపోదు. నాలుగు గడులు కలిపితే కుదురుతుంది. తను గళ్ళ నోటుబుక్కులో పెన్సిల్‌తో చుక్కలు నింపి, చెరిపి, మళ్ళీ నింపి, మొత్తం 160 వరసలు రాసింది. ‘వి’ గుడి మూడుసార్లు మారింది. ఒక ఆదివారం సాయంత్రం కొట్టడం పూర్తిచేసి ఎంటర్ నొక్కింది. నల్లటి తెర మధ్యలో పసుపుపచ్చగా వచ్చింది: విజయవాడ.

‘ఐదక్షరాలు, ఇరవై గడులు. ఇంకొకటి మిగిలింది నాన్నా’ అంది.

క్యాసెట్‌లోకి సేవ్ చేశాం. మిగిలిన గడితో కలిపి 168 బైట్లు, పది సెకన్లు పట్టింది. ఆ కూతను ఫోన్‌లో రికార్డు చేసి పెదనాన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేసి, ‘ఒరేయ్, అది లోడయ్యే చప్పుడు కాదురా, సేవ్ చేసిన చప్పుడు. ఏం సేవ్ చేశారు?’ అని అడిగారు. ఫోన్ దానికే ఇచ్చాను, చెప్పమని.