ఒకే వరుస కోర్టులా, రెండు వరుసలా: సమాఖ్య దేశానికి ఏది మేలు?

అమెరికా, భారత్ రెండూ సమాఖ్య దేశాలే అయినా కోర్టుల నిర్మాణంలో పూర్తిగా వేరు దారులు పట్టాయి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ తన అత్యున్నత న్యాయస్థానంతో సహా సొంత కోర్టులుంటాయి. వాటి పక్కనే 1789 నాటి చట్టంతో మొదలైన ఫెడరల్ (కేంద్ర) కోర్టులు, అంటే 94 జిల్లా కోర్టులు, 13 అప్పీలు కోర్టులు, వాటిపైన సుప్రీంకోర్టు, వేరే వరుసగా నడుస్తాయి. భారత్‌లో ఉన్నది ఒకటే వరుస. దేశమంతటికీ వర్తించే కాంట్రాక్టు చట్టాన్నీ, రాష్ట్ర శాసనసభ చేసిన కౌలు చట్టాన్నీ అన్వయించేది ఆ ఒక్క వరుసే.

రెండు వరుసల వల్ల కక్షిదారుకు వచ్చే చిక్కు టాంప్కిన్స్ అనే వ్యక్తి ఒక రైల్వే కంపెనీపై వేసిన వ్యాజ్యంలో కనిపిస్తుంది. 1934లో ఒక రాత్రి పెన్సిల్వేనియాలో పట్టాల వెంట కాలిబాటన నడిచి వెళ్తుండగా, గూడ్సు బండి నుంచి పొడుచుకొచ్చిన తలుపులాంటిదేదో తగిలి ఆయన చెయ్యి పోయింది. ఆ రాష్ట్ర న్యాయం అలా నడిచేవారిని అక్రమ ప్రవేశకులుగా చూసేది కాబట్టి ఆయన, అప్పట్లో ఇలాంటి వ్యాజ్యాల్లో సొంత సూత్రాలను పాటించే ఫెడరల్ కోర్టును ఎంచుకొని, న్యూయార్క్‌లో దావా వేశారు. జ్యూరీ 30,000 డాలర్లు ఇప్పించింది. 1938లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, ఇలాంటి వ్యాజ్యాల్లో ఫెడరల్ కోర్టు కూడా రాష్ట్ర న్యాయాన్నే పాటించాలన్నది. సూత్రం సరైనదే. కానీ గాయం సంగతి తేలకముందే ఏ కోర్టు, ఎవరి న్యాయం అన్న వాదనకు ఏళ్లు పట్టడం బాధితుడికి భారమే గనుక, కింది స్థాయిలో భారత పద్ధతే మేలని నా అభిప్రాయం.

పై స్థాయిలో మాత్రం నా మొగ్గు అమెరికా పద్ధతి వైపు. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమందిలో నలుగురు సరేనంటేనే చాలా కేసులు విచారణకు వస్తాయి; వచ్చినదాన్ని సాధారణంగా అందరూ కలిసి వింటారు. భారత సుప్రీంకోర్టు 136వ అధికరణం కింద దాదాపు ఏ కోర్టు, ట్రిబ్యునల్ ఉత్తర్వుపైనైనా అప్పీలుకు అనుమతించగలదు. సామాన్యుడి బెయిలు పిటిషన్ కూడా అక్కడిదాకా చేరగలగడం నిజంగా గొప్ప విషయం. అయితే ఆ రద్దీని తట్టుకోవడానికి ఇద్దరు, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనాలుగా విడిపోవలసి వస్తుంది; ఒకే ప్రశ్నపై రెండు ధర్మాసనాలు భిన్నంగా చెబితే, విస్తృత ధర్మాసనం తేల్చేదాకా దేనిని అనుసరించాలన్న అయోమయం హైకోర్టుల్లో తలెత్తవచ్చు. రాజ్యాంగ వ్యాఖ్యానానికి సంబంధించిన కీలక న్యాయ ప్రశ్నలకు కనీసం ఐదుగురు కూర్చోవాలన్న 145(3) అధికరణం నియమాన్ని ఆధారం చేసుకొని, ఏడాది పొడవునా పనిచేసే శాశ్వత రాజ్యాంగ ధర్మాసనాన్ని ఏర్పరిస్తే, పిటిషనర్లకు తలుపు మూయకుండానే ఈ అయోమయం చాలావరకు తగ్గుతుంది.