కాడలతో పూలు: విజయనగరంలో కొన్నేళ్లుగా కొంటున్న అనుభవం

విజయనగరంలో పూలకి కొదవ లేదు. మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లమ్మ గుడి వైపు వెళ్తే బంతి, చామంతి, కనకాంబరం అన్నీ కనిపిస్తాయి. కాకపోతే అవి దేవుడికో, జడకో అన్న లెక్కలోనే అమ్ముతారు. విడిపూలు తూకానికి, మాల మూరకి. హాల్లో ఫ్లవర్‌వాజ్‌లో పెట్టుకోవడానికి కాడ ఉన్న పూలు కావాలంటే ముందురోజే చెప్పి ఉంచాలి. నాకు పూలిచ్చే ఆవిడ మొదట్లో "కాడలెందుకమ్మా, దేవుడికి విడిపూలు చాలవేటి?" అనేది. ఇప్పుడు తనే నా కట్టకి తడిగుడ్డ చుట్టి పక్కన పెడుతోంది.

అన్ని రకాలూ తెచ్చి చూశాక నా ఓటు లిల్లీ కాడలకే. మాలలు కట్టే ఒంటిరేకు లిల్లీకి వాసన ఎక్కువ, వాజ్‌కి మాత్రం ముద్దలిల్లీ నిండుగా ఉంటుంది. కింద రెండు మూడు పూలు విచ్చుకుని, పై మొగ్గలు గట్టిగా ఉన్న కాడ ఏరుకోండి. అది కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. వాడిన పువ్వుని రోజూ గిల్లేస్తే వారం దగ్గరదగ్గరగా నిలుస్తుంది. పొద్దు పోయాక ఆ పరిమళం ఇల్లంతా కమ్ముకుంటుంది, దానికోసమే కొన్నా తప్పు లేదు.

జెర్బెరా రంగులు నాకు ప్రాణం. దాని కాడ నూగుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి నిండా నీళ్లు పోస్తే కుళ్లి తల వాల్చేస్తుంది. రెండంగుళాల నీళ్లు చాలు. గులాబీల దగ్గరే జాగ్రత్త. ఒక షాపులో వాడిన పై రేకులు వలిచేసి కొత్తవాటిలా అంటగట్టారు. అప్పటినుంచి పువ్వు అడుగున వేళ్లతో నొక్కి చూస్తున్నాను. గట్టిగా ఉంటే తాజా, మెత్తగా ఉంటే పాతది.

ఇంటికి రాగానే కాడ చివర అంగుళం మేర పదునైన కత్తితో ఏటవాలుగా కొయ్యాలి. మొద్దు కత్తెరైతే కాడ నలిగి నీళ్లు పీల్చదు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసెయ్యాలి, అవి కుళ్లితే బ్యాక్టీరియా పెరిగి కాడలోని సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూన్ పంచదార, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, పావు టీస్పూన్ బట్టల బ్లీచ్ కలుపుతాను. పంచదార ఒక్కటే వేస్తే బ్యాక్టీరియాకి మేత వేసినట్టే. ఇత్తడి చెంబులో పెడితే మాత్రం పులుపు వద్దు, మామూలు నీళ్లే రోజూ మార్చాలి.

మూతి ఇరుకుగా ఉన్న చెంబు కాడల్ని భలే నిలబెడుతుంది. కాడ పొడవు చెంబు ఎత్తుకి ఒకటిన్నర రెట్లుంటే అందం. ఎక్కడ పెట్టినా ఫ్యాన్ కింద మాత్రం వద్దు, ఆ గాలికి రేకులు ఎండిపోతాయి. అరటిపళ్ల పక్కనా వద్దు. పండే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి పూలు, ముఖ్యంగా కార్నేషన్లు, త్వరగా వాడిపోతాయి.

శ్రావణ శుక్రవారాల్లో, దసరా తర్వాత మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో ధరలు మండిపోతాయి, అప్పుడు నేను కాడల జోలికి వెళ్లను. చలి మొదలయ్యాక చామంతులు ముమ్మరంగా వస్తాయి. కాడలతో ఒక కట్ట అడిగి తెచ్చుకోండి, పెట్టిన డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలిచేవి అవే.